పద్నాలుగో లైను

సాయిరా రాసిన పేజీకి పదికి పది వచ్చాయని విన్న క్షణం నుంచి రమణికి టీ చేదెక్కింది.

మార్కులంటే బడి మార్కులు కావు. ఆత్మకూరు బస్టాండుకు రెండు వీధుల అవతల, విత్తనాల కొట్టు పైన, పెంచలప్రసాద్ నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉంది. తొమ్మిదిమంది మనుషులు, ఏడు ఫ్యాన్లు, ఒక ఇన్వర్టరు. బెంగళూరు కంపెనీ ఒకటి వాళ్ళకు పని ఇచ్చింది. ఇప్పుడు చాలా చోట్ల కోడు రాసేది మనుషులు కాదు, ఏజెంట్లని పిలిచే ప్రోగ్రాములు. ఒక ఏజెంటు రాస్తుంది. దాన్ని ఇంకో ఏజెంటో, మనిషో చదివి, తప్పున్న లైను పక్కన కామెంటు పెడతారు. రాసిన ఏజెంటు ఆ కామెంటు చదువుకుని తప్పు దిద్దుకోవాలి. పని అయ్యాక కామెంటును మూసెయ్యాలి. ఈ కామెంట్లు పెట్టే టూలు బెంగళూరు వాళ్ళది. దాన్నెలా వాడాలో చెప్పే పత్రం రాయడం ఆత్మకూరు వాళ్ళ వంతు. మనిషి చదివినా అర్థం కావాలి, ఏజెంటు చదివినా అర్థం కావాలి. రాసిన పేజీని ఒక ఏజెంటు ముందు పెట్టి, పది పనులు అప్పజెప్పి, ఎన్ని సరిగ్గా చేసిందో చూస్తారు. అవే మార్కులు.

కామెంటు పెట్టడం ఎలాగో చెప్పే పేజీ సాయిరాది. మొదటిసారికే పదికి పది. కామెంటు అందుకున్నాక ఏం చేయాలో చెప్పే పేజీ రమణిది. నాలుగుసార్లు తిరగరాసినా ఏడు దాటలేదు.

"రమణి గారూ, ఏమనుకోబాకండి" అన్నాడు ప్రసాద్, మెడ గోక్కుంటూ. "ఆ పిల్ల ఎట్టా రాసిందో ఒకసారి చూడండి. చిన్న చిన్న మాటలు. మీది కొంచెం అర్జీ మాదిరి ఉండాది."

"అనుకునేదానికి ఏముండాది సార్. చూస్తాను" అని రమణి నవ్వింది. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. కడుపులో మాత్రం ఎవరో కుంపటి రాజేశారు.

ఆ పిల్లకు పని నేర్పింది ఎవరు? నాలుగు నెలల కిందట ఉదయగిరి నుంచి తెల్లారి బస్సెక్కి వచ్చి, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, ఏ కుర్చీలో కూర్చోవాలో కూడా తెలియక నిలబడిన పిల్ల. "అక్కా, ఈడ కామా పెట్టాల్నా? అక్కా, ఈ మాట రెండుసార్లు వచ్చింది, పరవాలేదా?" అని రోజంతా ప్రాణం తీసేది. రమణి విసుక్కోకుండా చెప్పింది. తన డబ్బాలో పులిహోర కూడా పెట్టింది. ఇప్పుడా ఏకు మేకై కూర్చుంది.

ఊరికే పొగడ్తల కోసమైతే రమణి ఇంత ఇదైపోయేది కాదు. పత్రం మొదటి పేజీలో ఒక గడి ఉంది. బాధ్యురాలు ఎవరో రాసే గడి. అందులో ఒక్క పేరే పడుతుంది. ఆ పేరుగల మనిషిని బెంగళూరు కంపెనీ తన సొంత మనిషిగా తీసుకుంటుందని ప్రసాద్ నెల ముందే చెప్పాడు. రమణి ఈ ఆఫీసులో ఆరేళ్ళుగా రాస్తోంది. మోటారు స్టార్టర్ల కాగితాలు రాసింది. శీతల గిడ్డంగి యాప్‌కి సహాయం పేజీలు రాసింది. వడ్ల కొనుగోలు టోకెన్ల ప్రోగ్రాముకు అరవై పేజీలు రాసింది. దేని మీదా ఆమె పేరు లేదు. స్టార్టరు కాగితాన్నయితే రైతులు మడిచి ఫ్యూజు పెట్టె కింద ఎత్తు పెట్టుకోవడం చేజర్లలో పుట్టింటికి పోయినప్పుడు కళ్ళారా చూసింది. ఒక్కసారి, ఒకే ఒక్క చోట, రమణి అని మూడక్షరాలు ఉండాలని ఆమె కోరిక. అది అంత పెద్ద కోరికేమీ కాదు.

ఆ మధ్యాహ్నం సాయిరా పేజీని తెరిచి కూర్చుంది. పత్రాన్ని కూడా అదే టూలుతో దిద్దుకోవాలని ప్రసాద్ పెట్టిన నియమం. తమ వంట తాము తినాలి కదా అంటాడు. రమణి ఆ పేజీని జల్లెడ పట్టింది. తప్పులు దొరకలేదు. దొరక్కపోవడంతో ఒళ్ళు మరింత మండింది. చుక్క తర్వాత ఖాళీ ఎక్కువైందని ఒకటి, ఈ మాట కన్నా ఆ మాట బాగుంటుందని ఒకటి, శీర్షిక పొట్టిగా ఉందని ఒకటి, అలా పంతొమ్మిది కామెంట్లు పెట్టింది.

సాయంత్రం నాలుగింటికల్లా పంతొమ్మిదింటికీ జవాబులు వచ్చాయి. "దిద్దినాను అక్కా." "మార్చినాను అక్కా." ఒక్కటీ మూయలేదు. పంతొమ్మిదీ తెరిచే ఉన్నాయి.

"ఏం సాయిరా, దిద్దినదానివి మూసెయ్యొచ్చు గదా? ఆ మీట నొక్కేది కూడా నేనే నేర్పాల్నా?" అంది రమణి, పక్క బల్లల వాళ్ళకు వినబడేలా.

సాయిరా తల తిప్పి చూసింది. సన్నటి మొహం, చున్నీ కొస చెవి వెనక దోపుకుని ఉంటుంది. "మీరు పెట్టినవి గదక్కా. మీరు చూసి మూయండి. నేను సరిగ్గా చేసినానో లేదో నాకెట్టా తెలస్తుంది?" అంది.

వినయం చూడు వినయం, అనుకుంది రమణి. పంతొమ్మిదిసార్లు మీట నొక్కి ఒక్కోటీ మూసింది. ప్రతి నొక్కుకూ ఆ పిల్ల పేజీ ఇంకాస్త నున్నగా తయారైంది.

శుక్రవారం భోజనాల వేళ రమణి పేజీలో ఒక కామెంటు మెరిసింది. పద్నాలుగో లైను పక్కన. పెట్టింది సాయిరా. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:

"అక్కా, దిద్దిన ఏజెంటే కామెంటు మూసెయ్యమని రాసినారు. అట్టా వద్దు. దిద్దినానని చెప్పి ఆగాల. కామెంటు పెట్టినవాళ్ళు చూసి మూయాల. మనుషులైతే తెలియకపోతే అడుగుతారు. ఇది అడగదు. మూసెయ్యమంటే, చేయకుండానే మూసేస్తుంది."

రమణి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. రెండోసారి చదివింది. మూడోసారి చదవాల్సిన అవసరం రాలేదు. ఏడు దాటని మార్కులకు కారణం అదే. నాలుగుసార్లు తిరగరాసి, వారం రోజులు తలబద్దలు కొట్టుకున్నా తనకు తట్టని సంగతి, నాలుగు నెలల పిల్ల నాలుగు ముక్కల్లో చెప్పింది.

ఒప్పుకుంటే ఏమవుతుందో కూడా ఆమెకు వెంటనే తోచింది. పద్నాలుగో లైను మారితే దాని కిందివన్నీ మారాలి. ఎందుకు మార్చారని ప్రసాద్ అడుగుతాడు. కామెంటు చూస్తాడు. "సాయిరా భలే పట్టుకుందే" అంటాడు. ఆ 'భలే' అనేటప్పుడు అతను చిటికె వేస్తాడు. ఆ చిటికె రమణి చెవుల్లో అప్పుడే మోగింది. మొదటి పేజీ గడి కళ్ళ ముందు కదిలింది. అందులో సాయిరా.

రమణి చేయి కడుక్కుని వచ్చింది. అటూ ఇటూ చూసింది. సాయిరా మెట్ల మీద కూర్చుని డబ్బాలో రొట్టె తుంచుకుంటోంది. రమణి ఆ కామెంటు మీద మూసెయ్యి అన్న మీట నొక్కింది. కామెంటు ముడుచుకుని, సన్నటి బూడిదరంగు గీతయి, లైన్ల మధ్యలో కలిసిపోయింది. పద్నాలుగో లైను ఎలా ఉన్నది అలాగే ఉంది.

పాత పేజీతోనే ఇంతవరకూ పని జరగలేదా ఏం, అని తనకు తాను సర్దిచెప్పుకుంది. సోమవారం తీరిగ్గా చూద్దాం అనుకుంది. అబద్ధమని ఆమెకూ తెలుసు.

సాయంత్రం ప్రసాద్ వచ్చి చూశాడు. అతను తెరిచి ఉన్న కామెంట్లే చూస్తాడు. రమణి పేజీలో ఒక్కటీ లేదు. "మీ పేజీ శుభ్రంగా ఉండాదే!" అని చిటికె వేశాడు. మర్నాడే బెంగళూరు వాళ్ళ పరీక్ష, మార్కులు మళ్ళీ చూసే తీరిక లేదు. అన్ని పేజీలనూ ఒక్కచోట చేర్చి బెంగళూరుకు పంపే పని సాయిరాకు అప్పజెప్పి వెళ్ళిపోయాడు. సాయిరా ఆరు గంటల బస్సు వదులుకుని మరీ పేజీలన్నీ తెచ్చి ఒక ఫైల్లో అతికించింది. పోయేటప్పుడు రమణి బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"వస్తాను మేడం" అంది.

మేడం! నాలుగు నెలల్లో ఎప్పుడూ ఆ మాట లేదు. పదికి పది వచ్చేసరికి పిల్ల ఎదిగిపోయింది, అక్కలు ఆనడం లేదు, అనుకుంది రమణి. అసూయ పట్టిన మనిషికి అంతకన్నా దగ్గరి కారణం కనబడదు.

శనివారం పదిన్నరకు బెంగళూరు నుంచి లిఖిత తెర మీదికి వచ్చింది. ఆ టూలు వ్యవహారమంతా చూసుకునేది ఆమే. ఆఫీసంతా ఆ ఒక్క తెర ముందు చేరింది. పరీక్ష కోసం తీసుకున్నది వడ్ల టోకెన్ల ప్రోగ్రామే. అందులో కావాలని పది తప్పులు పెట్టి, పదింటికీ కామెంట్లు పెట్టారు. ఏజెంటు చేతికి పత్రం ఇచ్చి వదిలారు.

కామెంట్లు ఒకటొకటిగా మూసుకోవడం మొదలైంది. రెండు, ఐదు, ఎనిమిది. నిమిషం తిరక్కుండా పదీ మూసుకున్నాయి. ప్రసాద్ చెయ్యి చిటికె వేయడానికి పైకి లేచింది.

"ఒక్క నిమిషం" అంది లిఖిత. కోడు తెరిచింది. కిందికి దొర్లించుకుంటూ పోయింది. ఒక చోట ఆగింది. ఒకే టోకెను నంబరు ఇద్దరు రైతులకు పోతోందని పెట్టిన కామెంటు అది. మూసి ఉంది. కోడు మాత్రం తాకినట్టు కూడా లేదు. ఇంకో రెండు కూడా అంతే. ఏడు దిద్దింది, మూడు దిద్దకుండానే దిద్దినట్టు మూసేసింది.

ఇది నిజంగా వాడి ఉంటే కలిగిరి యార్డులో ఇద్దరు రైతులు ఒకే నంబరు కాగితం పట్టుకుని బండ్లతో కొట్టుకునేవాళ్ళు, అన్నారెవరో వెనక నుంచి.

లిఖిత పద్నాలుగో లైను దగ్గరికి వచ్చింది. చదివింది. "దిద్దినవాళ్ళే మూసెయ్యమని ఎవరు రాశారు?" అని అడిగింది. అడుగుతూనే పేజీ అడుగున చూసింది. ఆఖరున ముట్టుకున్నది ఎవరో టూలు అక్కడ చూపిస్తుంది. సాయిరా అని ఉంది. నిన్న సాయంత్రం అన్నిటినీ అతికించింది ఆమే కదా.

"సాయిరానా..." అన్నాడు ప్రసాద్. ఎవరి పేజీ ఏదో అతనికి గుర్తు లేక కాదు, అతికించేటప్పుడు ఆ లైను ఈ పిల్లే మార్చిందనుకున్నాడు. "కొత్త పిల్ల మేడం. నాలుగు నెలలే అయింది. నాది తప్పు, నేను చూసుకోవాల్సింది."

రమణికి తేలు కుట్టింది. దొంగకు కుడితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఒక్క మాట చాలు. ఆ లైను నాది అంటే చాలు. నోరు తెరిచింది కూడా. తెరిచిన నోటితో దగ్గి, నీళ్ళ సీసా అందుకుంది.

సాయిరా ఆమె వైపు ఒకే ఒక్కసారి చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు, బెదిరింపూ లేదు. దుకాణంలో తూకం వేసేవాడు ముల్లు నిలబడే దాకా చూసినట్టు చూసింది. తర్వాత తెర వైపు తిరిగి, "దిద్దుతాం మేడం" అంది. అంతే.

లిఖిత తెర మీద నుంచి పోయాక ప్రసాద్ తీర్మానాలు చకచకా జరిగిపోయాయి. సోమవారం పదకొండింటికి మళ్ళీ పరీక్ష. పత్రమంతా రమణి చూసుకోవాలి. మొదటి పేజీ గడిలో రమణి పేరు. "అనుభవం అనుభవమేనబ్బా" అన్నాడు. సాయిరాను సోమవారం నుంచి టెస్టింగు బల్లకు మార్చాడు. అక్కడ పని అంటే రోజంతా మీటలు నొక్కి, నొక్కుడు పడిందా లేదా అని రాసుకోవడం.

కోరుకున్నది కోరుకున్నట్టే వచ్చింది. రమణి గడిలో తన పేరు తానే కొట్టింది. మూడక్షరాలు. చూసింది. ఇంకాసేపు చూసింది. సంతోషం వస్తుందేమోనని ఎదురుచూసింది.

రాలేదు. దాని బదులు కొత్త మంట ఒకటి లేచింది. ఆ పిల్ల ఎందుకు మాట్లాడలేదు? తనైతే ఆఫీసు పైకప్పు లేచిపోయేలా అరిచి ఉండేది. రాతలో దాటిపోయింది సరే, నోరు మూసుకోవడంలో కూడా తనను దాటిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది రమణికి, తన పేజీలోనే, ముప్పై ఒకటో లైనులో తను స్వయంగా రాసిన సంగతి: కామెంటును ఎవరు మూసినా, మూసినవాళ్ళ పేరుతో, పెట్టినవాళ్ళకు మెయిలు వెళ్తుంది.

శుక్రవారం మధ్యాహ్నమే వెళ్ళింది. 'మేడం' అన్నది అందుకు.

"ఆదివారం పూట గరిటెల కోసం ఉదయగిరి పోతావా?" అన్నాడు మొగుడు ఆదినారాయణ. జూనియర్ కాలేజీలో ల్యాబు చూసుకుంటాడు. "మనూళ్ళో స్టీలు గరిటెలు అరిగిపోయినాయా ఏంది?"

"పెళ్ళికి ఇయ్యాల. చెక్కవి బాగుంటాయి" అంది రమణి. ఏ పెళ్ళి అని అతను అడగలేదు. అడగని మనిషి దొరకడం కూడా ఒక అదృష్టం.

బస్సు ఉదయగిరి చేరేసరికి ఎండ దుర్గం కొండ మీద నుంచి వీధుల్లోకి దిగింది. చెక్క స్పూన్ల జాన్‌బీ ఇల్లు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారని సాయిరా ఎప్పుడో చెప్పింది. చూపించారు. ఇంటి ముందు రేకుల పందిరి. కింద చాప మీద నలుగురు ఆడవాళ్ళు, నడుమ బుట్టలు. ఎక్కడ చూసినా కర్రపొట్టు, పచ్చికర్ర వాసన. సాయిరా కూడా ఆ నలుగురిలో ఒకతె. ఫోర్కు పళ్ళ సందులో ఉప్పుకాగితం మడిచి రుద్దుతోంది. రమణిని చూసి లేచి నిలబడింది. ఆశ్చర్యపోలేదు.

"మా ఆఫీసు మేడం" అని చెప్పింది. పీట వేసింది. "మా దాదీ" అని నాయనమ్మను చూపించింది.

జాన్‌బీకి డెబ్బై పైనే ఉంటాయి. ఏళ్ళ తరబడి కోత మిషను పక్కన కూర్చుని చెవులు పోయాయి. ఆమెతో ఎవరూ పెద్దగా మాట్లాడరు, ఆమె కూడా మాట్లాడదు. రుద్దిన చెంచాను తీసుకుంటుంది, కళ్ళు ఎటో పెట్టి, బొటనవేలితో అంచంతా తడుముతుంది. గరుకు తగిలితే పెన్సిలుతో ఆ చోట చిన్న సున్నా చుడుతుంది. పక్కనున్న ఉండలో నుంచి ఎర్రదారం తెంపి కాడకు ముడివేస్తుంది. ఎవరి బుట్టలోదో ఆ బుట్టలోకే విసిరేస్తుంది. వాళ్ళు మళ్ళీ రుద్దుతారు. సున్నా ఆ రుద్దుడుకే పోతుంది. దారం పోదు. చెంచా మళ్ళీ జాన్‌బీ చేతికి వస్తుంది. మళ్ళీ బొటనవేలు. నచ్చితే ముడి విప్పుతుంది. లేకపోతే మళ్ళీ సున్నా.

రమణి చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఊరికే కూర్చోలేక, పక్క బుట్టలో నుంచి ఒక గరిటె తీసింది. పెద్దది, మంచి నునుపు. తడిమి చూసింది. ఎక్కడా సున్నా లేదు, గరుకూ లేదు. కాడకు దారం మాత్రం ఉంది. మర్చిపోయినట్టున్నారు అనుకుని, సాయం చేసినట్టుంటుందని ముడి విప్పేసింది.

చాప మీద ఉప్పుకాగితాల చప్పుడు ఆగిపోయింది. నలుగురూ ఆమె చేతికేసి చూస్తున్నారు. జాన్‌బీ చెయ్యి చాచి గరిటె తీసుకుంది. బొటనవేలు తిప్పింది. గుంట లోపల, మెడ వంపులో, ఒక చోట ఆపింది. రమణి వేలు పట్టుకుని అదే చోట పెట్టింది. సన్నటి పేడు. చూపుకు ఆనదు, చర్మానికే తెలుస్తుంది.

"కట్టినోళ్ళే విప్పాలమ్మా" అంది జాన్‌బీ, చెవులు లేనివాళ్ళ పెద్ద గొంతుతో. కోపమేమీ లేదు. "నోట్లోకి పోయే సామాను."

కొత్త దారం తెంచి మళ్ళీ కట్టింది. గరిటెను బుట్టలో వేసింది. ఉప్పుకాగితాలు మళ్ళీ మొదలయ్యాయి.

బస్టాండు దాకా సాయిరా తోడు వచ్చింది. రమణి చేతిలో కాగితం చుట్టిన నాలుగు గరిటెలు ఉన్నాయి. సగం దూరం వచ్చాక రమణి అడిగింది.

"నేనే మూసినానని నీకు తెలుసు గదా?"

"శుక్రవారం రొట్టె తింటా ఉండగానే మెయిలు వచ్చింది మేడం."

"మరి నిన్న ఎందుకు చెప్పలా? చూపించుంటే సరిపోయేది గదా. పేరుతో సహా ఉండాదే."

సాయిరా కాలి ముందున్న రాయిని పక్కకు తన్నింది. "చూపించొచ్చు. మీరు నాకు పని నేర్పినారు. అందరి ముందర మిమ్మల్ని నిలబెట్టేదానికి నాకు నోరు రాలా. దాంతో నేను మంచిదాన్ననుకోబాకండి. నాకు కోపంగానే ఉండాది. నిన్న బస్సులో ఏడ్చినాను కూడా." ఆగింది. "నేను కట్టినాను. విప్పింది మీరు. మళ్ళీ కట్టమంటే నేను కట్టను మేడం."

బస్సు వచ్చింది. రమణి ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. సాయిరా చెయ్యి ఊపలేదు, కానీ బస్సు కదిలేదాకా అక్కడే నిలబడి ఉంది.

సోమవారం రమణి అందరికన్నా ముందు వచ్చి షట్టరు తీయించుకుంది. కూర్చుని పద్నాలుగో లైను మార్చింది. దిద్దాక మూయవద్దు, ఏం చేశావో చెప్పి ఆగు. చేయలేకపోతే చేయలేదని చెప్పు. కామెంటు పెట్టినవాళ్ళే చూసి మూస్తారు. అలా ముప్పై లైన్లు మార్చుకుంటూ పోయింది. ఈసారి అర్జీలా రాయలేదు, చిన్న చిన్న మాటలే రాసింది. ఎవరి మాటలో ఆమెకు తెలుసు. ఏజెంటుకు ఇచ్చి చూసింది. తొమ్మిది దిద్దింది. పదోదాని కింద, ఇది నా వల్ల కాలేదు, మనిషి చూడాలి అని రాసింది. అబద్ధం లేని తొమ్మిది.

ఇక పని అయిపోయింది. పేజీ బాగుపడింది. గడిలో తన పేరు ఉంది. ఆ మూసిన కామెంటును ముట్టుకోవాల్సిన పని లేదు. పదకొండింటికి లిఖిత చూస్తుంది, మెచ్చుకుంటుంది, అంతా సుఖాంతం. సాయిరా చెప్పదు. చెప్పనని ఆ పిల్ల మొహం మీదే రాసుంది.

ఆ చెప్పకపోవడమే రమణికి ముల్లయింది. సోమవారం గడుస్తుంది, మంగళవారం గడుస్తుంది, ఆ పిల్ల మూల బల్ల దగ్గర మీటలు నొక్కుతూ గమ్మున కూర్చుని ఉంటుంది. తను ఆమె ముందు నుంచే నీళ్ళకు పోవాలి, రావాలి. రోజూ ఆ పిల్ల తనకన్నా ఒక మెట్టు పైనే ఉంటుంది. తనకన్నా బాగా రాస్తుంది, సరే, ఒప్పుకుంది. తనకన్నా మంచి మనిషి కూడా అంటే రమణి తట్టుకోలేదు. నిజం చెప్పాలంటే ఆమెను కదిలించింది ధర్మం కాదు, కుళ్ళే.

బూడిదరంగు గీత మీద నొక్కింది. మళ్ళీ తెరువు అన్న మీట వచ్చింది. దాని కింద సన్నటి అక్షరాలు: ఇది పత్రంలో ఉన్న అందరికీ తెలియజేయబడుతుంది. ఆ వాక్యం కూడా తను రాసిందే. నొక్కింది. కింద ఇలా రాసింది:

"ఈ లైను రాసింది నేను, సాయిరా కాదు. ఈ తప్పును శుక్రవారమే సాయిరా చూపించింది. దిద్దకుండా మూసింది నేనే. ఈ పొద్దు దిద్దినాను. సరిగ్గా ఉందో లేదో సాయిరా చూసి మూయాల."

పంపేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ప్రసాద్ ఫోను చేత్తో పట్టుకునే మెట్లెక్కి వచ్చాడు. "ఏంది రమణి గారూ ఇది?"

"చదివినారు గదా సార్."

"లిఖిత మేడం కూడా చదివింది." అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆరేళ్ళ నుంచి చూస్తా ఉండాను మిమ్మల్ని" అని మాత్రం అన్నాడు. ఆ మాట తిట్టు కన్నా లోతుగా దిగింది.

తొమ్మిదీ నలభైకి ఉదయగిరి బస్సు దిగి సాయిరా వచ్చింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. బస్సులోనే చదివినట్టుంది. నేరుగా పోయి, టెస్టింగు బల్ల దగ్గర కాదు, తన పాత కుర్చీలోనే కూర్చుంది. పొమ్మనడానికి ప్రసాద్ సాహసించలేదు.

పదకొండింటి పరీక్ష బాగా జరిగింది. పదో కామెంటు కింద తన వల్ల కాలేదని ఏజెంటు రాయడం చూసి లిఖిత తల ఊపింది. తర్వాత ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పింది. తప్పు పట్టుకున్న మనిషి పేరు మొదటి పేజీలో ఉండాలంది. పేజీని తిరగరాసిన మనిషి మీద తనకు కోపం లేదు కానీ, పేరు మాత్రం అదేనంది. ఫైలు ఆ వేళ రమణి చేతిలోనే తెరిచి ఉంది కాబట్టి మార్చాల్సింది ఆమే. గడిలోకి పోయి తన మూడక్షరాలు చెరిపింది. సా. యి. రా. అవీ మూడే. వేళ్ళు ఆ మీటల మీద ఎంత బరువుగా పడ్డాయో ఆమెకే తెలుసు. ప్రసాద్ చిటికె వేశాడు. కుంపటి మళ్ళీ రాజుకుంది. ఆరుతుందని ఆమె అనుకోనూ లేదు.

మధ్యాహ్నం దాకా రమణి ఒకటే చూస్తూ ఉంది. పద్నాలుగో లైను పక్కన ఆ కామెంటు ఇంకా తెరిచే ఉంది. సాయిరా మూయాలి. మూసేస్తే ఇది అయిపోయినట్టు. రెండు బల్లల అవతల ఆ పిల్ల పేజీ చదువుతూనే ఉంది. పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి. చున్నీ కొస చెవి వెనక దోపుకుంది. మీట మీద వేలు పెట్టింది.

మూయలేదు. కిందే ఇంకో ముక్క రాసింది.

"కామెంటు పెట్టినవాళ్ళు సెలవులో ఉంటే ఎవరు మూయాల? అది రాయలా అక్కా."

రమణికి అరికాలి మంట నెత్తికెక్కింది. పేరు పోయింది, పరువు పోయింది, ఇంకా వదలదా ఈ పిల్ల! తల తిప్పి గట్టిగా ఏదో అనబోయింది. అనబోయి, పద్నాలుగో లైను మళ్ళీ చదివింది. పదిహేను, పదహారు చదివింది. కింద ఆఖరు దాకా వెతికింది.

నిజమే. ఎక్కడా రాయలేదు.

కుర్చీ ముందుకు లాక్కుని, పదిహేనో లైను దగ్గర ఖాళీ చేసుకుని, రాయడం మొదలుపెట్టింది.